పద్యనాటకాభ్యాసము - కళాశాల విద్యార్థి

తెలుగు నాటకచరిత్రను గూర్చి పెద్దలు పలువురు వ్రాసియున్నారు. నాటకకర్తల కాలము, కృతుల పట్టికలు, సమాజముల పుట్టుపూర్వోత్తరములు చాలవరకు తేలినవి. పి. యస్. ఆర్. అప్పారావుగారి 'తెలుగు నాటక వికాసము' 1967లో వెలువడినపిమ్మట ఈ రంగమున పరిశ్రమించువారికి త్రోవ సుగమమైనది. అయినను ఆ చరిత్రలలో ఒక ప్రశ్నకు తగినంత చోటు దొరకలేదని మాకు తోచుచున్నది. పద్యనాటకము ఆడుటకు వలసిన విద్య యొకటి కలదు. పద్యమును రాగమున పలుకుట, శ్రుతిలో నిలుచుట, పాడుచునే నటించుట అనునవి ఆ విద్యకు అంగములు. దానిని నేర్చినవారు ఎచ్చట నేర్చిరి? ఎవరివద్ద నేర్చిరి? మన కళాశాలలు ఆ విద్యకు చేసినది ఏమి?

ఈ ప్రశ్న మాకు గ్రంథములనుండి పుట్టినది కాదు, తరగతిలో పుట్టినది. నాటకము పాఠ్యముగా నున్న తరగతిలో ఒక ఉత్పలమాల నిచ్చి గణవిభజన చేయుమన్నచో మా విద్యార్థులు రెండు నిమిషములలో గురులఘువులు గుర్తించి, యతిస్థానము చూపి, ప్రాసమును పేర్కొందురు. అదే పద్యమును నిలుచుండి పదిమందికి వినిపింపుమన్నచో గొంతు పెగలదు. పెగలినను పద్యము నాలుగుముక్కలై పడును. ఇది వారి లోపమని మేము అనుకొనుటలేదు. ఈ లోపమునకు నూరేండ్లకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్రను విద్యార్థివైపునుండి చూచుటయే ఈ వ్యాసమునందలి ప్రయత్నము.

ఆధునికాంధ్ర నాటకప్రదర్శనమునకు తొలినటులు విద్యార్థులే యనుట మరువరాని విషయము. 1880 ప్రాంతమున ధార్వాడ నాటకసమాజమువారు రాజమహేంద్రవరమునకు వచ్చి ప్రదర్శనము లిచ్చిరి. వారు పరభాషలో ఆడినను జనము విరుగబడి చూచిరి. వారు వెడలినపిదప కందుకూరి వీరేశలింగము పంతులుగారు తన విద్యార్థులను కూడగట్టి, వేషములు కట్టించి, 'వ్యవహార ధర్మబోధిని'ని ఆడించిరి. న్యాయవాదుల అక్రమములను వెక్కిరించు ఆ చిన్న నాటకమున గానమునకు పని లేదు. పంతులుగారికి కావలసినది సంఘసంస్కరణము. నాటకము దానికి సాధనము, విద్యార్థులు చేతికందిన నటులు. ఆ పిల్లలకు కావలసిన అభ్యాసమంతయు వాక్యమును బిగ్గరగా, స్పష్టముగా పలుకుట. దానిని తెలుగు పండితుడే నేర్పగలడు, నేర్పెను. గురువు, నాటకకర్త, ప్రయోక్త ఒక్కరే అయిన ఆ ఏర్పాటు మన నాటకచరిత్రలో మరల తరుచుగా కానరాదు.

పదేండ్లు తిరుగకముందే స్థితి మారెను. ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారు ఉపాధ్యాయులు, నాటకప్రియులు. ఆయన ఒంగోలునుండి రాజమహేంద్రవరమునకు తరలునపుడు తన శిష్యుడొకనిని వెంట తీసికొనిపోయెను. ఆ శిష్యుడే పిమ్మట ఆంధ్రకేసరియై, 1953లో ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రియైన టంగుటూరి ప్రకాశముగారు. నాయుడుగారి నాటకసమాజము కొరకే చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు 'గయోపాఖ్యానము' రచించిరి. అందు ప్రకాశముగారు వేషము కట్టిరి. ఆ నాటకము పుస్తకరూపమున లక్షకు పైబడి అమ్ముడైనదని ప్రసిద్ధి. తెలుగున ఏ గద్యగ్రంథమునకును ఆనాడు పట్టని అదృష్టము ఇది. దీనికి కారణము కథ కాదు, కథ అందరికి తెలిసినదే. శ్రీకృష్ణార్జునుల వాదప్రతివాదములలోని పద్యములను జనులు నోట పట్టుకొనిరి. పాడుకొనుటకు పుస్తకము కొనిరి. చదువుకొను బాలునకు రంగమున కావలసిన అర్హత ఇప్పుడు మారినది. మాట చాలదు, గొంతు కావలెను.

గొంతునకు ఈ పట్టాభిషేకము బళ్ళారిలో జరిగెను. ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు న్యాయవాదులు, సంగీతజ్ఞులు. సరసవినోదినీ సభ పక్షమున 1887లో ప్రదర్శితమైన వారి 'చిత్రనళీయము'తో పాటలు, రాగయుక్తములగు పద్యములు తెలుగు నాటకమున పాతుకొనినవి. ఆ కాలమున మహారాష్ట్ర సమాజములవారును పార్సీ సమాజములవారును తెచ్చిన హిందూస్థానీ బాణీలు బళ్ళారి రంగమునకు సుపరిచితములు. ఆచార్యులవారు వానిని కాదనక కర్ణాటక సంప్రదాయముతో కలిపికొనిరి. అదే యూరిలో కోలాచలము శ్రీనివాసరావుగారు మరియొక సభ నడపుచు చారిత్రక నాటకములకు ఆద్యులైరి. నెల్లూరున వేదము వేంకటరాయశాస్త్రిగారి ఆంధ్రభాషాభిమాని సమాజము పాత్రోచితభాషపై దృష్టి నిలిపెను. వీరందరును చదువరులు, వీరిచుట్టు చేరినవారిలోను చదువుకొన్నవారు అనేకులు. కాని అభ్యాసము సాయంకాలము సభాగృహమున జరిగెనే కాని పగలు పాఠశాలలో జరుగలేదు. పగటిచదువునకు, రాత్రిచదువునకు నడుమ గీత అప్పుడే పడినది.

ఆ రాత్రిచదువులో నేర్పబడినది ఏమి? దీనిని గూర్చి కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. పద్యమును పాడుట యన్నంతనే పద్యమునకు రాగమును అతికించుట యని చదువుకొన్నవారు సైతము తలంతురు. అది అంత తేలికైన సంగతి కాదు.

మొదటిది యతి. సంస్కృతశ్లోకమున యతి విరామస్థానము. అచ్చట పదము తెగవలెను, ఊపిరి ఆగవలెను. తెలుగున యతి యక్షరమైత్రి. ఉత్పలమాలలో పదవయక్షరము, చంపకమాలలో పదునొకండవది, శార్దూలమున పదమూడవది, మత్తేభమున పదునాలుగవది మొదటియక్షరముతో చెలిమి చేయవలెనే కాని, అచ్చట పదము ముగియవలెనని నియమము లేదు. పదమునకు నడుమ యతి పడవచ్చును. పాదాంతమునను అంతే. పదము ఒక పాదమున మొదలై మరియొక పాదమున ముగియవచ్చును. ఛందస్సును కాగితముపై నేర్చిన విద్యార్థి యతివద్ద ఆగును, పాదాంతమున మరల ఆగును. అర్థము తుత్తునియలగును. రంగస్థలగాయకుడు పదము ముగిసినచోట, భావము తెరపి యిచ్చినచోట ఊపిరి తీయును. అయినను వళి చెవికి సోకవలెను. ఆగకయే ఆ యక్షరమును మెరయించుటకు కంఠమున చిన్న ఒత్తుడు కావలెను. ఈ ఒత్తుడును ఏ లక్షణగ్రంథమును చెప్పదు. వినియే నేర్వవలెను.

రెండవది వృత్తముల నడక. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విరిచినచో చంపకమాల యగును. శార్దూలమునకును మత్తేభమునకును గల భేదమును అట్టిదే. ఛందస్సు చదివినవారికి ఇది ఒక వినోదము, గాయకునకు ఇది జీవము. శార్దూలము మూడు గురువులతో అడుగు పెట్టును. అచ్చట స్వరమును నిలిపి, సభను ఒక్కసారి కలయజూచి, అప్పుడు ముందునకు సాగవచ్చును. మత్తేభమున రెండు లఘువులు ముందుగా దుముకును గనుక నిలుచుటకు క్షణము ఆలస్యము. దౌత్యసభలో శ్రీకృష్ణుడు హెచ్చరిక చేయునపుడు ఏ వృత్తము ఏ విధముగా ఎత్తుకొనవలెనో తెలిసినవానికి రాగము సగము తానే కుదురును. సీసపద్యము సంగతి వేరు. పాదమునకు ఆరు ఇంద్రగణములు, రెండు సూర్యగణములు. పాదము రెండు భాగములు. నాలుగు పాదములకు ఎనిమిది భాగములు ఒకే మూసలో వచ్చును. మెట్టుమెట్టుగా స్థాయి పెంచుకొనుచు పోయి, గీతపద్యమున దించుటకు ఇంత అనువైన నిర్మాణము మరియొకటి లేదు. నాటకకర్తలు వర్ణనకు, ఎత్తిపొడుపునకు, విలాపమునకు సీసమును తరుచుగా ఎన్నుకొనుటకు ఇదియు ఒక హేతువని మా యూహ.

మూడవది, మిక్కిలి ముఖ్యమైనది. నాటకపద్యము రాగబద్ధమే కాని తాళబద్ధము కాదు. సంగీతపాఠశాలలో విద్యార్థి సరళీస్వరములు, జంటస్వరములు, అలంకారములు, గీతములు, వర్ణములు, కృతులు అను క్రమమున పైకి వచ్చును. ఆ సోపానములన్నియు తాళముపై నిలిచినవి. పద్యమునకు తాళము లేదు, అర్థమే తాళము. ఏ మాటను సాగదీయవలెను, దేనిని తేల్చివేయవలెను అనునది పాత్ర మనఃస్థితి చెప్పును. కృతిలో ఆరితేరినవాడు పద్యమున తడబడుటయు, సరళీస్వరములు కూడ సరిగా రాని నటుడు పద్యముతో సభను కదలించుటయు ఇందుచేతనే సంభవించెను. హరికథకునకు మాత్రము ఈ రెండు విద్యలును చేతిలోనివి.

ఈ విద్యకు గురువు సామాన్యముగా హార్మోనిస్టు. ఆయన పేరు గోడపత్రికలలో నటుల పేళ్ళకు దిగువను ఉండెడిది, కొన్నిసార్లు ఉండెడిదే కాదు. కాని క్రొత్తగా చేరిన కుఱ్ఱవానికి శ్రుతి నిర్ణయించువాడు ఆయనే, పద్యమునకు రాగము సూచించువాడు ఆయనే, పద్యము నడుమ నటుడు తప్పిపోయినచో స్వరమందించి ఒడ్డునకు చేర్చువాడును ఆయనే. పాపట్ల కాంతయ్యగారివంటి హార్మోనిస్టులు కట్టిన వరుసలు నటుల పేరిట చెల్లిపోయినవి. ధ్వనివర్ధకములు రాని దినములలో వెనుకవరుసలోని నేలటిక్కెట్టు ప్రేక్షకునకు వినబడవలెను గనుక శ్రుతి హెచ్చుగా నుండెడిది. మైకు వచ్చినపిమ్మట ఆ యవసరము తీరినది. అలవాటు మాత్రము తీరలేదు.

1885లో కడపమండలమందలి సురభి గ్రామమున 'కీచకవధ'తో మొదలైన సురభి సమాజములలో ఈ విద్య ఇంటివిద్య. పసివాడు తొట్టెలోనుండి వినును, నడక వచ్చినంతనే రంగమెక్కును. తక్కినవారికి సమాజమే బడి. తరువాతి తరమునకు గ్రామఫోను వచ్చెను. ప్రసిద్ధనటుల పద్యములు ఊరూర మ్రోగుటతో నేర్చుకొనగోరు యువకునకు గురువుతో పనిలేకపోయెను. ముల్లు ఎత్తిపెట్టి ఎన్నిమారులైనను వినవచ్చును. ఇందువలన మేలును కీడును కలిగినవి. పద్యము గుమ్మము దాటి పల్లెకు పోయెను, అది మేలు. రికార్డునకు ఒక ప్రక్క మూడు నిమిషముల కొంచెము పైబడి మాత్రమే పట్టును గనుక, అందు వినబడినది సన్నివేశము నుండి ఊడివచ్చిన పద్యము. విద్యార్థి పద్యమును నేర్చెను కాని, ఆ పద్యమునకు ముందు ఎదుటిపాత్ర ఏమనెనో నేర్వలేదు.

కాంట్రాక్టు నాటకములు ఈ ధోరణిని తుదకు తీసికొనిపోయినవి. పేరుమోసిన నటులను పలుచోట్లనుండి ఒక్కరాత్రికి కూర్చి ప్రదర్శనము లిచ్చు పద్ధతి అది. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగవిజయములు ఆడునపుడు ఒకే నాటకమున ఒకటవ కృష్ణుడు, రెండవ కృష్ణుడు, మూడవ కృష్ణుడు వత్తురు. పడకసీను ఒకరిది, రాయబారము మరియొకరిది. పూర్వాభ్యాసము లేదు. ఎవరి పద్యములు వారివి. 'వన్సుమోరు' కేకలు పడినచో దుర్యోధనుడు నిలుచుండి వేచియుండవలెను. యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి, అద్దంకి శ్రీరామమూర్తి మొదలగువారి గానమాధుర్యమును మేము తక్కువ చేయుటలేదు. బలిజేపల్లి లక్ష్మీకాంతముగారి 'సత్యహరిశ్చంద్ర'లోని కాటిసీను పద్యములకు రాత్రి రెండుగంటలవేళ జనము కన్నీరు పెట్టుకొనుట కట్టుకథ కాదు. కాని ఆ గానముతో నాటకము పోటీపడి ఓడిన రాత్రులును ఉండెను.

దీనిపై తిరుగబడినవారిలో అగ్రగణ్యులు బళ్ళారి రాఘవ. ఆయన ధర్మవరమువారికి మేనల్లుడు, పట్టభద్రుడు, న్యాయవాది. మేనమామ రంగమునకు తెచ్చిన గానమును మేనల్లుడు తగ్గింపజూచుట చరిత్రలోని ఒక చమత్కారము. రాగాలాపన భావమును మ్రింగరాదని, పద్యమును పలుకవలెనని ఆయన పక్షము. 1929లో తెనాలియందు ఆంధ్రనాటక కళాపరిషత్తు ఏర్పడినపిమ్మట ఇట్టి చర్చలకు వేదిక దొరకెను. రాఘవగారి మార్గమును విద్యావంతులు మెచ్చుకొనిరి. పి. వి. రాజమన్నారుగారి 'తప్పెవరిది' వంటి సాంఘిక నాటకములు ఆ మెచ్చుకోలునకు బలము చేకూర్చినవి. అయితే రాఘవగారు కోరినది రాగమును హద్దులో నుంచుట. ఆయనను ఆదర్శముగా గొన్న కళాశాల విద్యార్థులు చేసినది రాగముతోపాటు పద్యమునే విడిచిపెట్టుట. ఎలుకలమీది కోపముతో ఇంటికి నిప్పుపెట్టినట్లైనది. ఈ వాక్యము కొందరికి కటువుగా తోచవచ్చును. అయినను మాకు ఇంతకంటె సరియైన పోలిక దొరకలేదు.

విద్యార్థులను మాత్రమే నిందించుట న్యాయము కాదు. కారణములు పెక్కు కలవు. పద్యనాటకము తెల్లవార్లు సాగును, కళాశాల వార్షికోత్సవమున ఒక గంట దొరకుట కష్టము. పద్యనాటకమునకు తెరలు, కిరీటములు, హార్మోనిస్టు కావలెను, నాటికకు రెండు కుర్చీలు చాలును. స్త్రీపాత్రల చిక్కు మరియొకటి. స్థానము నరసింహారావుగారివలె సత్యభామను ధరింపగలవాడు తరమున కొక్కడు పుట్టును, కళాశాలకు ఏటేట పుట్టడు. 1940వ దశకపు తొలినాళ్ళలో విజయవాడ కళాశాలలో 'రాచమల్లుని దౌత్యము' ఆడినపుడు నాగమ్మ పాత్రకు ఎన్నుకొనబడిన విద్యార్థి మీసము తీయుటకు ఒప్పుకొనక మీసముతోనే వేషము కట్టి 'మీసాల నాగమ్మ' యనిపించుకొనెను. ఆ విద్యార్థి నందమూరి తారకరామారావు, అప్పుడచ్చట తెలుగు శాఖలో నున్నవారు విశ్వనాథ సత్యనారాయణగారు. నవ్వులాటగా చెప్పుకొను ఈ కథలో కళాశాల నాటకముయొక్క సహజస్థితి కనబడుచున్నది. వేషము ఒకనాటిది, అభ్యాసము కొన్నివారములది. పద్యమునకు అది చాలదు.

ఆ దశకముననే ఆంధ్రవిశ్వవిద్యాలయ రిజిస్ట్రారు కూర్మా వేణుగోపాలస్వామిగారు విశాఖపట్టణమున ప్రయోగాత్మక నాటకసంస్థను స్థాపించి, ఆరుబయలు రంగస్థలమును ఏర్పరచి, అంతరకళాశాల నాటకపోటీలను నడపిరి. విశ్వవిద్యాలయాధికారి యొకడు నాటకమునకు ఇంత పాటుపడుట అపూర్వము. తెలుగునాట కళాశాలారంగమునకు ఆయన చేసిన మేలు గొప్పది. కాని పోటీ యన్నచో కాలపరిమితి యుండును. కాలపరిమితి యున్నచో ఏకాంకిక వచ్చును. ఏకాంకికలో పద్యమునకు ఊపిరి చాలదు. ఆత్రేయ మొదలగువారి నాటకములు ఆ తరమునకు కంఠస్థములైనవి. వానిలో నాటి జీవితపు వేడి యుండెను. విద్యార్థి పద్యమునుండి మరలుటకు ఆ వేడియే ప్రధానహేతువని ఒప్పుకొనవలెను. అద్దెయింటి గుమస్తా కష్టమును మత్తేభమున పాడింపజూచినచో నవ్వు వచ్చును.

ఇచ్చట సంగీతకళాశాలల ప్రసక్తి తేవలసియున్నది. విజయనగరమున 1919లో సంగీతకళాశాల ఏర్పడినపుడు తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఆయన కవి, గాయకుడు, కాలికి గజ్జెకట్టిన హరికథకుడు. పద్యము, రాగము, అభినయము మూడును ఒక్క శరీరమున నున్న వ్యక్తి మన తొలి సంగీతకళాశాలకు పెద్దగా నుండుట ఎంత చక్కని యవకాశమో ఇప్పుడు తలచుకొన్నచో నిట్టూర్పు వచ్చును. పద్యగానము ఆ మార్గమున ఒక పాఠ్యాంశముగా రూపొందలేదు. వ్యక్తులద్వారా మాత్రము ఫలము కలిగెను. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు ఆ కళాశాల విద్యార్థి. మధూకరము ఎత్తుకొని చదువుకొనిన ఆ బాలుని పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి గాత్రము నేర్పిరి. పిమ్మట చలనచిత్రములలో ఘంటసాల పాడిన పద్యములను విన్నవారు ఒక విశేషమును గమనింపవచ్చును. శబ్దము ప్రతిదియు తేటగా వినబడును, పదవిభాగము చెడదు, రాగము పద్యము చివర కొద్దిగా వికసించి ఆగును. శాస్త్రీయగాత్రము నేర్చిన విద్యార్థి రంగస్థలపద్యమును చేపట్టినచో ఏమి జరుగునో దానికిది నిదర్శనము. రంగమున పీసపాటి నరసింహమూర్తిగారు శ్రీకృష్ణపాత్రలో ఇట్టి మితమునే పాటించి, అర్థమును ముందుంచి, ఆలాపనను వెనుకకు నెట్టి ప్రేక్షకులను మెప్పించిరి. రాఘవగారు కోరినది ఈ విధముగా సాధ్యమే యని ఈ ఇరువురు నిరూపించిరి. ఇరువురిలో ఒకరు కళాశాలలో నేర్చినవారు, మరియొకరు రంగమున పండినవారు.

1948లో విజయవాడ ఆకాశవాణి కేంద్రము ఏర్పడినపిమ్మట పద్యనాటకములు శ్రవ్యరూపమున ఇంటింటికి వచ్చెను. ఏలూరి న్యాయవాదియు రాఘవగారి మార్గమున నడచినవారును అగు బందా కనకలింగేశ్వరరావుగారు కంఠమాధుర్యమునకు విద్వత్తును జోడించిరి. ఆయన కృషి కూచిపూడికి కూడ ఉపకరించెను. కూచిపూడి సంగతి మా వాదమునకు చాల సమీపమైనది. భాగవతుల ఇండ్లలో తండ్రినుండి కొడుకునకు వచ్చుచున్న ఆ కళకు సిద్ధేంద్ర కళాక్షేత్రముతో విద్యాలయరూపము వచ్చెను. పిమ్మట అది తెలుగు విశ్వవిద్యాలయమున భాగమాయెను. నేడు దేశవిదేశములలో విద్యార్థులు దానిని క్రమపాఠముగా నేర్చుచున్నారు. అడవును విడిగా నేర్పి, దరువును విడిగా నేర్పి, సాహిత్యార్థమును బోధించి, పిదప మూడింటిని కలుపు పద్ధతి అచ్చట నిలిచినది. పద్యనాటకము కూచిపూడికంటె ఎక్కువ ఊళ్ళలో, ఎక్కువమంది చేత ఆడబడినది. అయినను దానికి అట్టి క్రమపాఠము స్థిరపడలేదు. అందరిదైన దానికి కాపలా ఉండదు కాబోలు.

తరువాతి కాలమున ఆంధ్రవిశ్వవిద్యాలయమునను, హైదరాబాదు విశ్వవిద్యాలయమునను, 1985లో స్థాపింపబడిన తెలుగు విశ్వవిద్యాలయమునను రంగస్థలకళలకు శాఖలు వెలసినవి. నటన, దర్శకత్వము, రంగాలంకరణము, దీపనము శాస్త్రీయముగా బోధింపబడినవి. పద్యనాటకమునకు అక్కడక్కడ ప్రత్యేకశిక్షణము జరిగినమాటయు నిజమే. మేము చెప్పునది శాఖల నిర్మాణమును గూర్చి. పద్యముయొక్క ఛందస్సు, అర్థము తెలుగు శాఖవారి సొత్తు. రాగము సంగీతశాఖవారిది. అంగికము, రంగచలనము నాటకశాఖవారివి. పద్యనాటకము ఈ మూటి నడుమ నున్న సందులో నిలుచున్నది. తెలుగు విద్యార్థికి శ్రుతిపెట్టె లేదు, సంగీతవిద్యార్థికి నాటకప్రతి లేదు, నాటకవిద్యార్థికి యతిప్రాసలు లేవు. ముగ్గురును ఒకే ఆవరణలో ఒకే చెట్టుక్రింద టీ త్రాగుదురు.

నంది నాటకోత్సవములలో క్రమముగా ఏర్పడిన విభాగములను చూడుడు. పద్యనాటకము ఒకటి, సాంఘిక నాటకము ఒకటి, సాంఘిక నాటిక ఒకటి, బాలల నాటిక ఒకటి, కళాశాల విశ్వవిద్యాలయ విద్యార్థుల నాటిక వేరొకటి. పద్యనాటకమునకు బహుమతి యున్నది, విద్యార్థికిని బహుమతి యున్నది. కాని పద్యనాటకము పరిషత్తులవారికి, నాటిక విద్యార్థులకు అని లోకము చేసికొన్న పంపకము ఆ పట్టికలో తనంత తాను అచ్చుపడినది. ఎవరును ఆలోచించి చేసిన పంపకము కాదది. 1880లో మొదలైన చరిత్ర అచ్చటికి వచ్చి చేరినది, అంతే.

ఈ విషయమున పరిశోధన చేయగోరు విద్యార్థులకు ఆకరముల మాట యొకటి చెప్పవలసియున్నది. అచ్చైన నాటకప్రతులలో పాటలపై రాగతాళముల పేళ్ళు సామాన్యముగా కనబడును. పద్యములకు మాత్రము ఉ., చ., శా., మ., సీ. అను ఛందస్సంకేతములే యుండును. ఏ రాగమున పాడిరో అచ్చు చెప్పదు. అది తెలియవలెనన్నచో నటులు, హార్మోనిస్టులు తమ సొంతప్రతుల అంచులపై వ్రాసికొన్న గుర్తులను చూడవలెను. పద్యము ప్రక్కన మోహన యని, కాపి యని, బేహాగు యని వ్రాసికొనుట, ఊపిరి తీయవలసినచోట గీత గీసికొనుట, వదలివేయవలసిన పాదమును కొట్టివేయుట రంగస్థలమున వాడుక. ఆ గీతలు యతిస్థానమున నున్నవా, పదాంతమున నున్నవా అని లెక్కించినచో మేము పైన చెప్పిన మాట సరియో కాదో తేలును. ఒకే పద్యమునకు ఇద్దరు నటుల ప్రతులు దొరకినచో మరియు మంచిది. ఆ ప్రతులు గ్రంథాలయములలో తక్కువ, పాతనటుల యిండ్లలో ట్రంకుపెట్టెల అడుగున ఎక్కువ. అడిగినచో చూపుటకు వారు వెనుదీయరు. ఒక్కొక్కసారి ప్రతిని చూపుటతో ఆగక, పెట్టెమూత ప్రక్కకు పెట్టి, పద్యము కూడ ఎత్తుకొందురు.